ఒక్కసారి తాకితే మూసుకోదు: పురుగుల్ని పట్టే మొక్కల గిట్టుబాటు లెక్క

వీనస్ ఫ్లైట్రాప్ వీడియో ఒక్కసారైనా చూడనివాళ్ళు ఇప్పుడు అరుదు. నోరు తెరుచుకుని ఉన్న ఎర్రటి ఆకు, దాని మీద తచ్చాడే ఈగ, టక్కున మూసుకోవడం, అంతే, వీడియో అయిపోతుంది. చూసినవాళ్ళందరూ ఆ వేగం గురించే మాట్లాడతారు. వేగం గొప్పదే, కాదనను. కానీ ఈ మొక్కకి మూసుకోవడం కన్నా మూసుకోకుండా ఆగడమే కష్టమైన పని. వాన చినుకు పడుతుంది, ఎండుటాకు రాలుతుంది, గాలికి పక్కనున్న గడ్డిపరక వచ్చి రాసుకుంటుంది. ఇవన్నీ తాకిడులే కదా. ప్రతిదానికీ ఉలిక్కిపడి మూసుకుంటూ కూర్చుంటే మొక్కకి మిగిలేది ఖర్చే. కళ్ళు లేవు, నరాలు లేవు, మెదడు అసలే లేదు, మరి వచ్చింది తిండా చెత్తా అన్నది ఎలా తేల్చుకుంటుంది? ఈ ప్రశ్నకి గత పదేళ్ళలో చాలా మంచి జవాబులు దొరికాయి.

ముందు ఈ మొక్కకి పురుగులతో ఏం పనో చూద్దాం. వీనస్ ఫ్లైట్రాప్ సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్క చోట, అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరొలినా రాష్ట్రాల తీరప్రాంతపు చిత్తడి నేలల్లో. అక్కడ నీళ్ళకి, ఎండకి లోటు లేదు, కానీ ఆ ఇసుక నేలలో నత్రజని దాదాపు ఉండదు, భాస్వరమూ అంతంతమాత్రమే. మిగతా మొక్కలు వేళ్ళతో లాక్కునేదాన్ని ఇది పురుగుల ఒంట్లోంచి లాక్కుంటుంది. పురుగుని తిని బలం తెచ్చుకుంటుందని చాలామంది అనుకుంటారు గానీ, శక్తి కోసం దీనికీ ఎండే దిక్కు, అన్ని పచ్చటి మొక్కల్లాగే. పురుగు దీనికి అన్నం కాదు, ఎరువు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే ఎరువు కోసం చేసే ఖర్చు ఎరువు విలువని మించకూడదు. బోనుగా మారిన ఆకు ఎండని పట్టే పనిలో ఎలాగూ వెనకబడుతుంది. పైగా ప్రతి బోనూ తన జీవితంలో కొన్నిసార్లే మూసుకోగలదు, ఆ తర్వాత నల్లబడి ఎండిపోతుంది. ఉత్తపుణ్యానికి ఒకసారి మూసుకుంటే మళ్ళీ తెరుచుకోవడానికి ఒక రోజు దాకా పడుతుంది, ఆ రోజంతా అసలు పురుగు పక్కనుంచి నడిచి వెళ్ళిపోయినా చేసేదేమీ లేదు.

ఇప్పుడు బోను లోపలికి వద్దాం. మహా అయితే రెండు మూడు సెంటీమీటర్ల ఆకు, మధ్యలో ఈనె, అటో రెక్క ఇటో రెక్క. అంచుల్లో తేనె లాంటి తియ్యటి ద్రవం ఊరుతుంది, పురుగు వచ్చేది దానికోసమే. పేరులో ఈగ ఉంది గానీ అడవిలో దీనికి ఎక్కువగా చిక్కేవి చీమలు, సాలీళ్ళు, పేడపురుగుల జాతివి, అంటే నడిచొచ్చేవి. ఒక్కో రెక్క లోపలి వైపున సాధారణంగా మూడేసి సన్నటి వెంట్రుకలు నిలబడి ఉంటాయి, పొడవు ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఎర్రటి నేపథ్యంలో వెతికితే తప్ప కనిపించవు. వెంట్రుక అన్నానుగానీ అది పైనుంచి కిందిదాకా ఒకేలా వంగదు. పై భాగం గట్టిగా, బిరుసుగా ఉంటుంది, అడుగున మాత్రం ఒక చోట నడుము నొక్కినట్టు సన్నబడుతుంది. చీమ కాలు తగిలి పై కొస కొద్దిగా పక్కకి ఒరిగితే చాలు, వంపంతా ఆ నొక్కు దగ్గరికే వచ్చి చేరుతుంది. స్పర్శని పసిగట్టే కణాలు కూడా సరిగ్గా అక్కడే వరసగా ఉంటాయి. చిన్న కదలికని పెద్ద ఒత్తిడిగా మార్చే తులాదండం అన్నమాట.

ఆ కణాల పొరల్లో అయాన్ ఛానెళ్ళు ఉంటాయి, అంటే విద్యుదావేశమున్న కణికల్ని లోపలికీ బయటికీ పోనిచ్చే ప్రొటీన్ ద్వారాలు. వాటిలో కొన్ని మామూలుగా మూసుకుని ఉండి, పొర సాగినప్పుడు మాత్రమే తెరుచుకుంటాయి. 2021లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థ పరిశోధకుల బృందం ఈ వెంట్రుకల్లో విపరీతంగా పనిచేస్తున్న జన్యువుల్ని జల్లెడ పట్టి అలాంటి ఒక ద్వారాన్ని పట్టుకుంది, ముద్దుగా ఫ్లైక్యాచర్ 1 అని పేరు పెట్టింది. తమాషా ఏంటంటే దీని దూరపు చుట్టాలు బ్యాక్టీరియాలో ఉన్నాయి. అక్కడ వాటి పని వేరు: బ్యాక్టీరియా మంచినీళ్ళలో పడి ఉబ్బిపోతున్నప్పుడు పగిలిపోకుండా తెరుచుకుని ఒత్తిడి తగ్గించడం. ఉబ్బుని కనిపెట్టే సరుకునే ఈ మొక్క చీమ కాలిని కనిపెట్టడానికి వాడుకుంటోంది. ఇలాంటి పాత సరుకు, కొత్త వాడకం వ్యవహారం ఈ కథలో ఇంకా రెండు మూడు చోట్ల ఎదురవుతుంది.

ద్వారాలు తెరుచుకోగానే కణం లోపలి విద్యుత్తు తూకం తప్పుతుంది. తప్పడం ఒక హద్దు దాటితే ఇక వెనక్కి రావడం ఉండదు, ఒక పూర్తి విద్యుత్ తరంగం పుట్టి ఆకంతా పాకుతుంది. దీన్నే యాక్షన్ పొటెన్షియల్ అంటారు. మన నరాల్లో నడిచేదీ ఇదే జాతి సంకేతం, కాకపోతే మన దగ్గర సోడియం లోపలికి దూసుకొస్తే మొదలవుతుంది, మొక్కలో కాల్షియం లోపలికి రావడం, క్లోరైడ్ బయటికి పోవడం వల్ల మొదలవుతుంది. వేగం కూడా మన లెక్కలో నత్తనడకే, సెకనుకి 10 సెంటీమీటర్ల దరిదాపుల్లో. ఆకే రెండు మూడు సెంటీమీటర్లు కాబట్టి ఆ వేగం చాలు. ఈ సంకేతం సంగతి కొత్తగా బయటపడిందని అనుకోకండి. 1873లోనే లండన్‌లో జాన్ బర్డన్ శాండర్సన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఈ ఆకులో విద్యుత్ సంకేతాన్ని కొలిచాడు, ఆ పని చెయ్యమని ఉసిగొల్పింది చార్లెస్ డార్విన్. అంతకు వందేళ్ళ ముందు, మొక్కలకి పేర్లు పెట్టే పద్ధతినే తయారుచేసిన లిన్నేయస్ మాత్రం ఇది పురుగుని తింటుందన్న మాటని ఒప్పుకోలేదు. పురుగు గింజుకోవడం ఆపేస్తే ఆకు తెరుచుకుని వదిలేస్తుందనుకున్నాడు. మొక్క జంతువుని తినడమేమిటన్నది ఆ రోజుల్లో సృష్టి క్రమానికే విరుద్ధంగా కనిపించేది మరి.

సరే, వెంట్రుక ఒకసారి వంగింది, సంకేతం ఆకంతా పాకింది. ఏమైంది? ఏమీ కాలేదు. బోను కదలదు. సుమారు అర నిమిషం లోపల రెండో సంకేతం రావాలి, అప్పుడే మూసుకుంటుంది. రెండోసారి తగిలేది అదే వెంట్రుక కావచ్చు, వేరేది కావచ్చు, తేడా లేదు. రాలిన ఎండుటాకు ఒకసారి తగిలి ఊరుకుంటుంది, నడుస్తున్న చీమ ఊరుకోదు. ఇంత చిన్న షరతుతో చాలా దొంగ అలారాలు వడగట్టుకుపోతాయి.

మరి మొదటి తాకిడిని అర నిమిషం పాటు గుర్తుపెట్టుకునేది ఎవరు? కాల్షియం. ఒక సంకేతం వచ్చినప్పుడల్లా ఆకు కణాల్లో కాల్షియం మోతాదు ఒక్క గెంతు పెరుగుతుంది, వెంటనే మెల్లగా తగ్గడం మొదలుపెడుతుంది. చిల్లు కుండలో చెంబుడు నీళ్ళు పోసినట్టే. ఒక చెంబుతో కుండ నిండదు, ఆలస్యం చేస్తే పోసినవి కారిపోతాయి, కారిపోయేలోగా రెండో చెంబు పడితేనే మట్టం గీత దాటుతుంది. ఇలా జరుగుతుందేమోనని ముప్ఫై ఏళ్ళకి పైగా ఊహ ఉంది గానీ కంటితో చూసినవాళ్ళు లేరు. 2020లో జపాన్‌లోని పరిశోధకులు, మిత్సుయాసు హసెబె బృందం, కాల్షియం తగిలితే పచ్చగా మెరిసే ప్రొటీన్ తాలూకు జన్యువుని ఫ్లైట్రాప్‌లోకి ఎక్కించారు. ఆ మొక్క వెంట్రుకని సూదితో ఒకసారి మీటితే వెంట్రుక అడుగున వెలుగు పుట్టి రెండు రెక్కల మీదికీ అలలా పరుచుకుంది, సెకన్లలో మసకబారడం మొదలైంది. పూర్తిగా ఆరకముందే ఇంకోసారి మీటితే మొదటిదానికన్నా ప్రకాశంగా వెలిగి, బోను మూసుకుంది. ఆలస్యంగా మీటితే వెలుగు మళ్ళీ మొదటి మెట్టు దగ్గరే ఆగింది. మొక్క జ్ఞాపకశక్తి అని మనం ఘనంగా చెప్పుకునేది ఇదే, కారిపోతున్న కాల్షియం.

ఇక్కడ ఒక సవరణ కూడా చెప్పాలి, ఎందుకంటే 'రెండుసార్లు తాకితే మూసుకుంటుంది' అనేది ఎక్కడ చూసినా శిలాశాసనంలా రాసేస్తుంటారు. మొక్క చూసుకునేది తాకిడుల సంఖ్య కాదు, సంకేతాల సంఖ్య. చటుక్కున ఒక్కసారి మీటితే ఒకే సంకేతం పుడుతుంది, నిజమే. కానీ 2020లోనే జ్యూరిక్ పరిశోధకులు చిన్న రోబో చేతితో వెంట్రుకని చాలా నెమ్మదిగా వంచి చూస్తే, ఆ ఒక్క వంపులోనే రెండు సంకేతాలు పుట్టి బోను మూసుకుంది. మెల్లగా పాకే పురుగుకి ఒక్క అడుగుతోనే పని అయిపోవచ్చన్నమాట. పదో తరగతి పుస్తకంలో రాసే వాక్యానికీ ఆకులో జరిగేదానికీ మధ్య ఈ కాస్త సందు ఎప్పుడూ ఉంటుంది.

ఇక మూసుకోవడం. పదో వంతు సెకను, అంటే కన్నార్పేలోపు. మొక్కకి కండరాలు లేవు, నీళ్ళు ఒక కణంలోంచి ఇంకో కణంలోకి చేరి ఉబ్బడం, చిక్కడం ద్వారానే అది కదలగలదు, ఆ పద్ధతిలో ఇంత మందం ఆకు ఇంత వేగంగా కదలడం కుదరదు. ఈ చిక్కుముడిని 2005లో యోయెల్ ఫొర్టెర్, ఎల్. మహదేవన్ తదితరులు హైస్పీడ్ కెమెరాలతో విప్పారు. తెరిచి ఉన్న బోనుని దగ్గరగా చూస్తే ఒక్కో రెక్కా లోపలి వైపుకి కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బులో సాగదీసిన బిగువు ముందే దాచిపెట్టి ఉంటుంది, ఆకు పెరిగేటప్పుడే. సంకేతం అందగానే రెక్క వెలుపలి వైపు కొద్దిగా సాగుతుంది, లోపలి వైపు కొద్దిగా కుదించుకుంటుంది. ఈ భాగం నెమ్మదైనదే. అలా సాగుతూ సాగుతూ ఒక బిందువు దాటాక ఆ ఆకారం నిలబడలేదు, ఉబ్బు ఒక్కసారిగా లొట్టగా తిరగబడుతుంది, రెక్కలు రెండూ దగ్గరికి వచ్చేస్తాయి. అంటే మొక్క చేసేది ట్రిగ్గర్ నొక్కడమే, మిగతాదంతా ఆకు ఆకారమే చూసుకుంటుంది. నీళ్ళు సరిగా అందక వాడిపోయిన మొక్కలో ఆ బిగువు ఉండదు కాబట్టి అది టక్కున మూసుకోలేదు.

వీడియో ఇక్కడితో ఆగిపోతుంది, కానీ నన్నడిగితే అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. మూసుకున్న బోను ఇంకా పొట్ట కాలేదు, వట్టి కటకటాలే. అంచుల మీది పొడవాటి పళ్ళు ఒకదాని సందులో ఒకటి దూరి నిలబడతాయి, మధ్యలో ఖాళీలు ఉంటాయి. చిన్న చీమలు ఆ ఖాళీల్లోంచి జారుకుంటాయి. ఇది డిజైన్ లోపం కాదని డార్విన్ 1875లోనే అన్నాడు: ఒక పిసరంత పురుగు కోసం బోనుని రోజుల తరబడి మూసి ఉంచి జీర్ణరసాలు పోస్తే గిట్టదు, అందుకని చిన్నవాటిని పోనిచ్చి పెద్దవాటినే ఉంచుకుంటుందని ఆయన వాదన. పోగలిగింది పోయాక లోపలేమీ కదలకపోతే, బోను ఒక రోజులో తెరుచుకుంటుంది. జీర్ణరసం ఒక్క చుక్క కూడా ఖర్చుకాదు.

పోలేనంత పెద్దదైతే లోపల గింజుకుంటుంది. గింజుకుంటున్నప్పుడల్లా అవే వెంట్రుకలకి తగులుతుంది, తగిలినప్పుడల్లా మళ్ళీ సంకేతం. పాపం ఆ పురుగు ఊరికే పడి ఉంటే బతికేదేమో, తప్పించుకోవాలని చేసే ప్రతి ప్రయత్నం తన మెడకే చుట్టుకుంటుంది. 2016లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రైనర్ హెడ్రిక్ బృందం ఈ సంకేతాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. రెండు సంకేతాలకి బోను మూసుకుంటుంది, అది తెలిసిందే. ఆ రెండోదాని తర్వాతే జాస్మోనేట్ అనే హార్మోన్ దారి కూడా మేల్కొంటుంది. మూడు దాటాక లోపలి గోడల మీది గ్రంథుల్లో జీర్ణ ఎంజైముల జన్యువులు పనిలోకి దిగుతాయి, పురుగు ఒంట్లోంచి వచ్చే సోడియంని లోపలికి లాక్కునే ప్రొటీన్ తయారీ కూడా మొదలవుతుంది. మొదటి గంటలో గింజుకునే పురుగు వల్ల 60 దాకా సంకేతాలు వస్తాయి. ఎన్ని ఎక్కువ వస్తే అన్ని ఎక్కువ ఎంజైములు. పెద్ద పురుగు ఎక్కువగా గింజుకుంటుంది, ఎక్కువ రసం పోయాలి. ఎంత పోయాలో చెప్పే కొలత ఆ పురుగు దగ్గరే ఉంది.

గంటల వ్యవధిలో రెక్కలు మరింత బిగుసుకుని అంచులు గాలి చొరనంతగా అతుక్కుంటాయి, కటకటాలు కాస్తా పొట్ట అవుతుంది. లోపల ఆమ్లం, ప్రొటీన్లని ముక్కలు చేసే ఎంజైములు, పురుగు పెంకులోని కైటిన్‌ని కరిగించే ఎంజైములు. పురుగు కరగడం మొదలయ్యాక దాని ఒంటి పదార్థాలే గ్రంథుల్ని ఇంకా ఎగదోస్తాయి, ఇక తాకిడితో పనిలేదు. వారం అటూ ఇటూగా బోను తెరుచుకునేసరికి లోపల మిగిలేది ఖాళీ పెంకు, గాలికి ఎగిరిపోతుంది.

జాస్మోనేట్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇది ఫ్లైట్రాప్ సొంతం కాదు, మామూలు మొక్కలన్నింటిలోనూ ఉంటుంది. ఏదైనా మొక్క ఆకుని గొంగళిపురుగు కొరికితే ఆ దెబ్బ దగ్గరనుంచి విద్యుత్, కాల్షియం అలలు బయల్దేరతాయి, జాస్మోనేట్ పెరుగుతుంది, పురుగుకి అరగకుండా చేసే ప్రొటీన్లు, పెంకుని దెబ్బతీసే కైటినేజ్ లాంటి ఎంజైములు తయారవుతాయి. అదంతా ఆత్మరక్షణ. ఫ్లైట్రాప్ ఆ వరసనంతా అలాగే ఉంచి మొదటి మెట్టు, చివరి మెట్టు మాత్రం మార్చింది. కొరికితే మొదలవ్వాల్సింది వెంట్రుక కదిలితే మొదలవుతుంది, పురుగుని తరిమెయ్యాల్సిన సరుకు పురుగుని కరిగిస్తుంది. 2020లో ఈ మొక్క జన్యువులన్నింటినీ చదివినప్పుడు ఇంకో సంగతి కూడా తేలింది: మామూలు మొక్కల్లో వేళ్ళలో పనిచేసే జన్యువులు కొన్ని దీనిలో బోనులో పనిచేస్తున్నాయి. తిండిని పీల్చుకునే పని వేరు నుంచి ఆకుకి బదిలీ అయిందన్నమాట, సిబ్బందితో సహా.

ఫ్లైట్రాప్ దగ్గరి బంధువు డ్రోసెరా ఇదే సమస్యని ఇంకోలా పరిష్కరించుకుంది. ఇది చాలా ఖండాల్లో చిత్తడి నేలల్లో పెరుగుతుంది, ఆకు నిండా ఎర్రటి టెంటకిల్స్, అంటే వంగగలిగే రోమాల్లాంటివి, ఒక్కోదాని కొసన ఒక్కో జిగురు బొట్టు, ఎండలో మంచు బిందువుల్లా మెరుస్తూ. పురుగు వాలితే అతుక్కుంటుంది, తొందరపడాల్సిన అవసరం మొక్కకి లేదు. అంచుల్లోని టెంటకిల్స్ నిమిషాల్లో లోపలికి వంగి ఇంకా జిగురు పులుముతాయి, కొన్ని జాతుల్లో ఆకే గంటల తరబడి మెల్లగా పురుగు చుట్టూ చుట్టుకుంటుంది. డార్విన్‌కి ఈ మొక్కంటే వ్యామోహం. ప్రపంచంలోని జాతులన్నింటి పుట్టుక కన్నా ఇప్పుడు నాకు డ్రోసెరా మీదే ధ్యాస ఎక్కువగా ఉందని 1860లో, అంటే జాతుల పుట్టుక మీద పుస్తకం వేసిన మరుసటి ఏడాదే, స్నేహితుడు లయల్‌కి ఉత్తరం రాశాడు. మనిషి తలవెంట్రుకలోంచి చిన్న ముక్క కత్తిరించి, 0.000822 మిల్లీగ్రాముల బరువున్నదాన్ని గ్రంథి మీద పెడితే టెంటకిల్ వంగిందని లెక్కకట్టాడు. అంత తేలికైనదాన్ని మన వేలి కొస కూడా పసిగట్టలేదు. అదే ఆకు మీద ఎత్తునుంచి నీటి చుక్కలు పడితే మాత్రం చలనం లేదు. గాజు ముక్క పెడితే వంగింది గానీ త్వరగా వదిలేసింది, మాంసం ముక్క పెడితే చాలా రోజులు పట్టుకుంది. అంటే ఇక్కడా రెండు అంచెల తనిఖీ ఉంది, ముందు స్పర్శ, తర్వాత రుచి. నిజంగా పురుగు తినడం వల్ల మొక్కకి లాభమా అన్న అనుమానాన్ని తీర్చింది ఆయన కొడుకు ఫ్రాన్సిస్: 1878లో కొన్ని డ్రోసెరాలకి మాంసం పెట్టి, కొన్నింటిని పస్తుంచి చూస్తే, తిన్నవి చాలా ఎక్కువ విత్తనాలు కాశాయి.

డ్రోసెరాలన్నీ నిదానమేనని మాత్రం అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో పెరిగే డ్రోసెరా గ్లాండులిజెరా అంచుల్లో జిగురు లేని పొడవాటి టెంటకిల్స్ ఉంటాయి, వాటి మీద చీమ కాలు వేస్తే 75 మిల్లీసెకన్లలో ఎగిరి చీమని మధ్యలోని జిగురులోకి విసిరేస్తాయి. ఒక్కసారే. ఆ విసురుకి వంగిన చోట కణాలు చితికిపోతాయి, ఆ టెంటకిల్ ఇక పనికిరాదు.

ఇంతవరకు చెప్పిందాన్ని బట్టి ఆగి ఆలోచించి ఖర్చుపెట్టే మొక్కే గెలుస్తుందని తీర్మానిస్తే, యుట్రిక్యులేరియా వచ్చి అడ్డం పడుతుంది. చెరువుల్లో, కుంటల్లో, తడి నేలల్లో పెరిగే ఈ మొక్కకి వేళ్ళే ఉండవు, నీళ్ళలో తేలే రకాల్లో దారాల్లాంటి కొమ్మలకి ఆవగింజంత తిత్తులు వేలాడుతూ ఉంటాయి. ఒక్కో తిత్తీ లోపలి నీళ్ళని నిదానంగా బయటికి తోడేస్తుంది, గోడలు లోపలికి లొట్టపడి, లోపల ఒత్తిడి బయటికన్నా తగ్గిపోతుంది. మూతి దగ్గర చిన్న తలుపు, తలుపు మీద కొన్ని వెంట్రుకలు. నీటి ఈగలాంటి సూక్ష్మజీవి ఒకటి వచ్చి వెంట్రుకని తాకిందంటే తలుపు నిలబడే తీరు చెదిరిపోయి లోపలికి తెరుచుకుంటుంది, నీళ్ళతో పాటు జీవి లోపలికి దూసుకుపోతుంది, తలుపు మళ్ళీ మూసుకుంటుంది. ఆ పీల్చడం ఒక మిల్లీసెకను లోపే అయిపోతుందని 2011లో ఫ్రాన్స్‌లో హైస్పీడ్ కెమెరాలతో కొలిచారు, లోపలికి పోతున్న జీవి మీద త్వరణం గురుత్వాకర్షణకి 600 రెట్ల దాకా ఉంటుంది. ఫ్లైట్రాప్ దీని ముందు ఎందుకూ పనికిరాదు. ఇంత వేగం అప్పట్లో ఎవరి కంటికీ ఆనలేదు కాబట్టి డార్విన్ కూడా పురుగే తలతో తలుపు నెట్టుకుని దూరుతుందని రాశాడు. అమెరికాలో న్యూజెర్సీకి చెందిన మేరీ ట్రీట్ అనే ప్రకృతి పరిశోధకురాలు గంటల తరబడి మైక్రోస్కోప్ ముందు కూర్చుని, పురుగు దూరడం లేదు, మొక్కే లోపలికి లాక్కుంటోందని చెప్పింది. ఆవిడ మాటే నిజమైంది.

ఈ తిత్తికి ఒక్క తాకిడి చాలు. రెండోదాని కోసం చూడదు. అంతెందుకు, ఎవరూ తాకకపోయినా ఒక్కోసారి దానంతటదే పేలుతుంది. ఇదెలా గిట్టుబాటవుతుంది? తిరిగి సిద్ధమవడం చవక కాబట్టి అనే నాకనిపిస్తుంది. తప్పుగా పేలితే పోయేది అరగంట, ఆలోగా నీళ్ళు తోడేసి మళ్ళీ బిగుసుకుని కూర్చుంటుంది, పైగా ఒక మొక్కకి అలాంటి తిత్తులు వందల్లో ఉంటాయి. ఫ్లైట్రాప్‌కి ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని బోనులు, తప్పు చేస్తే ఒక రోజు పోతుంది. తనిఖీ ఎంత కఠినంగా ఉండాలన్నది పొరపాటు ఖరీదుని బట్టే ఉంటుంది. మన అత్తిపత్తినే చూడండి, ఒక్కసారి తాకినా ముడుచుకుంటుంది, కొన్ని నిమిషాల్లో మళ్ళీ విప్పుకుంటుంది. అక్కడ కూడా విద్యుత్ సంకేతమే, ఆకు మొదట్లో ఉన్న కణాల్లోంచి నీళ్ళు బయటికి పోవడమే, ఆకుని కాపాడుకోవడమే దాని పనిగానీ పట్టుకోవడం కాదు. రసాలు తయారుచేసే ఖర్చు లేదు కాబట్టి అనుమానమొస్తే చాలు, ముడుచుకుంటుంది.

కూజా మొక్కల ఊసు ఎత్తకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. నెపెంథిస్ లాంటివి పురుగుల్ని పడతాయి గానీ తాకిడిని పట్టించుకోవు, తడిసినప్పుడు కాలు నిలవనంత జారుడుగా ఉండే అంచు, కింద జీర్ణరసాల మడుగు, అంతే. వీటిలో ఒక జాతి మాత్రం వాన చినుకుల్నే వాడుకుంటుంది, మూత అడుగున తలకిందులుగా నడిచే చీమలు చినుకు దెబ్బకి మూత కంపించి కింద మడుగులోకి రాలిపోతాయి.

ఇదంతా చదివాక మొక్క ఆలోచిస్తోంది, లెక్కలు వేస్తోంది అని శీర్షికలు పెట్టాలనిపించడం సహజం, నేనూ పైన గిట్టుబాటు, తనిఖీ అంటూనే వచ్చాను. ఆ మాటలు మన సౌకర్యం కోసం. ఆకులో ఎక్కడా 'రెండు' అనే అంకె లేదు, పెరిగి తగ్గే కాల్షియం ఉంది, వేర్వేరు మట్టాల దగ్గర మేల్కొనే వేర్వేరు పనులు ఉన్నాయి. అలాగని దీన్ని ఉత్త యంత్రమని కొట్టిపారేయడమూ నాకు నచ్చదు. ఫ్లైట్రాప్‌ని ఈథర్ ఆవిరిలో ఉంచితే, అదే, ఒకప్పుడు ఆపరేషన్లకి ముందు మనుషులకి ఇచ్చిన మత్తుమందు, ఎంత మీటినా మూసుకోదు, విద్యుత్ సంకేతం ఆకు మీద పాకదు. ఆవిరి తీసేస్తే కాసేపటికి మళ్ళీ మామూలవుతుంది. మెదడు లేనిదానికి మత్తు పనిచేస్తోందంటే, మత్తు పట్టేది మెదడుకన్నా పాతదైన దేనికో అని కొందరు శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకుని మత్తుమందుల రహస్యాన్నే తవ్వుతున్నారు.

ఈ మొక్కని కుండీలో పెంచేవాళ్ళకి ఇదంతా నేరుగా పనికొచ్చే విషయమే. సరదాకి పుల్లతో పొడిచి బోను మూయించొద్దని అందుకే అంటారు, అది మూసుకోగలిగే కొద్దిసార్లలో ఒకటి వృథా అవుతుంది. చచ్చిన పురుగుని వేస్తే బోను మూసుకున్నా మరుసటి రోజుకల్లా తెరిచి అలాగే వదిలేయడానికి కారణం కూడా అదే, లోపల గింజుకునేది లేదు, మూడో సంకేతం లేదు, నాలుగోది అసలే లేదు. అందుకని తెలిసినవాళ్ళు పురుగుని వేశాక మూసుకున్న రెక్కల్ని రెండు వేళ్ళ మధ్య కాసేపు మెల్లగా ఒత్తి వదులుతుంటారు, లోపలి వెంట్రుకలు కదిలేలా. ఎరువు మాత్రం మట్టిలో వెయ్యరు, కుళాయి నీళ్ళు కూడా పొయ్యరు. వాన నీళ్ళో డిస్టిల్డ్ వాటరో పోస్తారు. చవుడు, లవణాలు లేని నేలకి అలవాటుపడిన వేళ్ళు అవి, మిగతా మొక్కలకి మేలు చేసే ఖనిజాలే వీటిని చంపేస్తాయి.